పిలుపుచెక్క

పత్తికట్టె పీకుతున్న ఆడవాళ్ళలో హన్నా ఎవరో శ్రీవల్లి దూరం నుంచి పోల్చుకోలేకపోయింది. అందరూ తలకి తువ్వాళ్ళు చుట్టుకుని, ముఖాలు సగం కప్పుకుని, వంగి ఉన్నారు. గట్టు మీద నిలబడి "హన్నా" అని పిలిచింది.

వరసలో ఉన్న చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరూ తల ఎత్తలేదు. ఎండకి ఎర్రమట్టి పెళ్ళలు చిట్లుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. కాసేపటికి చేతులు మళ్ళీ కదిలాయి. ఒకామె మాత్రం చేతిలోని కట్టెలు కింద పెట్టి, శ్రీవల్లి వైపు చూడకుండా పొలానికి అడ్డంగా నడిచి, గట్టు దిగి, తారురోడ్డు మీదికి వెళ్ళి నిలబడింది. అక్కడికి వెళ్ళాక పలికింది.

"ఏంటి మేడం?"

"అక్కడే పలకొచ్చుగా?"

"ఆ చెక్కలో పేరు పెట్టి పిలవకూడదు మేడం. పిలిచినా పలకకూడదు. మీకు తెలుసుగా." హన్నా గొంతులో కోపం లేదు. ముఖాన చెమట తుడుచుకుంటూ పొలం వైపు ఒకసారి చూసింది.

శ్రీవల్లికి తెలుసు. తిరువూరులో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే ఆమె రెండేళ్ళుగా పోగుచేస్తున్నవి ఇలాంటి మాటలే. గంపలగూడెం మండలంలో జనం వెళ్ళడానికి భయపడే చోట్లన్నీ గుర్తించి, అక్కడి కథలు రికార్డు చేసి, వాటినొక పటం మీద చుక్కలుగా పెట్టింది. రాసిన చరిత్ర లేని ఊళ్ళలో చరిత్ర భయంలో దాక్కుని ఉంటుందేమోనని ఆమె అనుమానం. చుక్క ఉన్న చోట నేలలో ఏముందో యంత్రంతో చూడాలి. చరిత్రనీ భూభౌతికశాస్త్రాన్నీ కలిపి చేసే పని కాబట్టి యూనివర్సిటీ ఒప్పుకుంది, రామనాథ్‌ని పంపింది.

ఆ పటంలో మొదటి చుక్క ఇదే. పెనుగొలను దగ్గర, రోడ్డు పక్కన, ఆమె పెదనాన్న బసవపున్నయ్య పొలంలో ఒక మూలనున్న చిన్న నేలముక్క. దాన్ని పిలుపుచెక్క అంటారు. దీపాలవేళ అక్కడ ఒక ఆడగొంతు ఎవరినో పేరు పెట్టి పిలుస్తుంది. పలికినవాళ్ళకి జ్వరం వస్తుంది. అందుకే పొద్దు వాలకముందే కూలీలు ఆ చెక్క వదిలేస్తారు. ఎవరిని అడిగినా ఇంతవరకూ చెప్పారు. ఏ పేరు పెట్టి పిలుస్తుంది అంటే మాత్రం, ఆ పేరు చెప్పకూడదమ్మా అనేవాళ్ళు.

రామనాథ్ అప్పటికే కట్టె పీకేసిన భాగంలో బండి నెడుతున్నాడు. మూడు చక్రాల బండి, అడుగున నారింజరంగు పెట్టె, పిడి దగ్గర చిన్న తెర. పెట్టెలోంచి తరంగాలు నేలలోకి వెళ్ళి, దేన్నైనా తాకితే తిరిగి వస్తాయి. అతను నలభై దాటిన మనిషి, మాట తక్కువ. దారం కట్టుకున్న గీత వెంట చివరిదాకా నెట్టడం, పక్క గీతకి మళ్ళడం, మళ్ళీ నెట్టడం. చక్రం తిరిగినప్పుడల్లా టిక్కుమని శబ్దం వచ్చేది. ఆ శబ్దం దగ్గరికి వస్తే ఆడవాళ్ళు దూరం జరిగేవాళ్ళు.

పొద్దు కాస్త తిరిగాక అతను చెయ్యెత్తి శ్రీవల్లిని రమ్మన్నాడు. పేరు పెట్టి పిలవలేదు. ఇక్కడ పిలవకూడదన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

తెర మీద బూడిదరంగు చారల మధ్య విల్లులా వంగిన గీత ఒకటి కనిపించింది. కొంచెం జరిగితే మరొకటి. దాని పక్కన ఇంకొకటి.

"రాళ్ళా?" అంది.

"రాళ్ళైతే ఇలా వరసలో ఉండవండీ. గోతులు. ఎప్పుడో తవ్వి పూడ్చేసినవి. నాగలి దిగే లోతుకి కిందే ఉన్నాయి. అన్నీ తూర్పు పడమరలుగానే." అతను తెర మీద వేలు పెట్టి గీత వెంట జరిపాడు. "ఈ కూలీల పేటలో క్రైస్తవుల సమాధులు అలాగే ఉంటాయి కదా?"

"వాళ్ళ సమాధులతోట వాగు అవతల ఉంది. ఇక్కడెప్పుడూ లేదే."

రామనాథ్ తెర మీద గీతల్ని మళ్ళీ కొలిచాడు. "పొడవు ఎంత ఉన్నాయి?" అని ఆమె అడిగితే, అంకె చెప్పబోయి ఆగి, రెండు చేతులూ ఎడంగా చాచి చూపించాడు. అరచేతులు పైకి తిరిగి ఉన్నాయి, ఏదో ఎత్తుకున్నట్టు. తన చేతుల మధ్య ఉన్న ఖాళీని తనే ఒక క్షణం చూసి, చేతులు కిందికి దించేసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అన్నీ అంతే ఉన్నాయండీ. పెద్దది ఒక్కటీ లేదు."

ఆ సాయంత్రం దాకా అతను ప్రతి గోతి మీదా ఒక ఇనపపుల్ల గుచ్చి, దానికి చిన్న నారింజరంగు జెండా కట్టాడు. ఎండ చల్లబడుతుండగానే ఆడవాళ్ళు పని ఆపేశారు. ఒకరినొకరు పిలుచుకోలేదు. ముందు ఒకామె నడుం ఎత్తింది, తర్వాత అందరూ ఎత్తారు. వరసగా గట్టు దాటి షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డారు. వెనక్కి తిరిగి జెండాల్ని మాత్రం చూశారు, చాలాసేపు.

*

బసవపున్నయ్య ఇల్లు తిరువూరులో బస్టాండుకి దగ్గర్లోనే. కింద ఎరువుల దుకాణం, పైన కాపురం. శ్రీవల్లి వెళ్ళేసరికి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, వెంచర్ వాళ్ళు పంపిన ప్లాన్ కాగితం ఒళ్ళో పరచుకున్నాడు. పెనుగొలను పొలం మొత్తం ప్లాట్లు వేయడానికి మాట అయిపోయింది. సర్వేకి ఆయన ఒప్పుకున్నది కూడా అందుకే.

"ఏమ్మా, గుడి కనపడిందా?" అన్నాడు నవ్వుతూ. "నెమలి ఊళ్ళో గుడంత వద్దు. చిన్న శివాలయం గోడ ఒకటి బయటపడితే చాలు. వెంచర్‌కి ఆ పేరే పెట్టుకుంటారంట."

"గుడి కాదు పెదనాన్నా. సమాధులు. చిన్నపిల్లలవి."

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు. ప్లాన్ కాగితం మడతలు సరిచేశాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. యంత్రంలో కనపడ్డాయి."

"యంత్రానికి పిల్లలో పెద్దవాళ్ళో ఎట్టా తెలుస్తుంది? రాతిపొర అయ్యుంటది. అట్టా రాయమను ఆయన్ని."

"రాతిపొర కాదన్నాడు. కానిదాన్ని అవునని ఎట్టా రాస్తాడు? ఈ పటం అందరూ చూసేది."

"శ్రీవల్లీ." ఆయన గొంతు పెంచలేదు. "నీ చదువు కోసమని పొలం ఇచ్చాను. అది మా తాతగారి కాలం నుంచి మా సాగులో ఉన్న నేల. దాంట్లో ఒకరి సమాధులున్నాయని నువ్వు అచ్చేస్తే రేపు ఎవరు కొంటారు? పేటవాళ్ళు వచ్చి కూర్చుంటే ఎవరు లేపుతారు? ఆలోచించు."

గుమ్మంలో అలికిడైంది. హనుమాయమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన తల్లి, శ్రీవల్లికి నాయనమ్మ. తొంభైకి దగ్గర పడింది. ఈమధ్య మనుషుల్ని మరిచిపోతోంది, కాని పొద్దుగూకే వేళని మాత్రం మరిచిపోదు.

"కూలోళ్ళు వెళ్ళిపోయారా?" అంది.

"వెళ్ళిపోయారమ్మా," అన్నాడు బసవపున్నయ్య అలవాటుగా, తల తిప్పకుండానే.

ఆమె తలూపింది. చెదిరిన జుట్టు రెండు చేతులతో వెనక్కి దువ్వుకుని, పైట భుజం నిండా కప్పుకుంది. ఎక్కడికో బయల్దేరే మనిషిలా సర్దుకుని, మెట్ల దగ్గరి స్టూలు మీద కూర్చుంది. రోజూ జరిగేదే. పొలంలో దొంగతనాల భయం మనసులో ఉండిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. వీధిలో లైట్లు వెలిగేదాకా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. శ్రీవల్లి దగ్గరికి వెళ్ళి చెవి పెట్టింది. మాట ఏదీ లేదు. గాలి మాత్రం ఆడుతోంది.

*

మర్నాడు ఆమె పొలానికి వెళ్ళేసరికి రామనాథ్ కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బండి ఇంకా దించలేదు.

"చూశారా?" అన్నాడు.

ఆడవాళ్ళు జెండాలున్న మేరంతా మిగిలిన కట్టె మొదళ్ళు కూడా పీకేశారు. ఒక్క జెండా కూడా వంగలేదు. ప్రతి జెండా చుట్టూ చేటంత మేర మట్టి చేత్తో చదును చేసి ఉంది. పెళ్ళలు ఏరి పక్కన పోశారు. గాలికి జెండాలన్నీ ఒకేవైపు కొట్టుకుంటున్నాయి. ఆ వరసల మధ్య ఆడవాళ్ళు గొంతుకూర్చుని, తలలు వంచుకుని ఉన్నారు. ఎవరి చేతులూ కదలడం లేదు. దూరం నుంచి చూస్తే జెండాకొక మనిషి ఉన్నట్టుంది.

కాసేపటికి వాళ్ళలోంచి పెద్దావిడ ఒకతె లేచి రోడ్డు మీదికి వచ్చింది. జోజమ్మ, హన్నా తల్లి. డెబ్భై దాటినా ఇంకా పనికి వస్తూనే ఉంది. రెండేళ్ళుగా శ్రీవల్లి రికార్డర్ ముందు ఆమె చెప్పింది ఒకటే మాట, నాకేం తెలీదమ్మా అని.

"ఆ జెండాలు ఎవురు పెట్టమన్నారు?" అని అడిగింది రామనాథ్‌ని.

"ఎవరూ పెట్టమన్లేదండీ. కింద గోతులున్నాయి. గుర్తుకోసం పెట్టాను."

"అన్నీ దొరికినయ్యా?"

"దొరికాయనే అనుకుంటున్నాను."

జోజమ్మ తువ్వాలు విప్పి దులిపి భుజాన వేసుకుంది. కారు నీడలో కూర్చుంది. శ్రీవల్లి ఆమె పక్కన నేల మీదే కూర్చుంది, రికార్డర్ సంచిలోనే ఉంచి.

"గత్తర వచ్చిందమ్మా ఆ యేడు. కలరా అంటారే, అది. నాకు ఎనిమిదేళ్ళో ఎన్నో. మా పేటలో పెద్దోళ్ళు తట్టుకున్నారు, పిల్లలు పోయారు. అప్పుడీ మూల ఖాళీ దిబ్బ, మా పేట దిబ్బే. వాగు పొంగి అవతలకి పోను దారి లేదు. ఇక్కడే పెట్టారు అందర్నీ. మా చెల్లిని కూడా. మా నాయనే మోసుకొచ్చేవాడు అందర్నీ, ఆయనొక్కడే తిరిగేవాడు." ఆగింది. "ఒకరోజు మీ ఇంటి నుంచి కబురొచ్చింది."

"మా ఇంటి నుంచా?"

"అప్పుడు మీరు పెనుగొలనులోనే ఉండేవాళ్ళు గదా. హనుమాయమ్మగారికి తొలిచూలు ఆడపిల్ల. నడక వచ్చిన పిల్ల. మీవాళ్ళు పిల్లల్ని పెట్టే చోటు కూడా వాగు అవతలే. ఎవురూ ముట్టుకోటానికి లేదు, భయం. మా నాయన్ని పిలిచారు. ఆయన తీసుకొచ్చి మా పిల్లల పక్కనే పెట్టాడు."

శ్రీవల్లి ఆమెకి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"హనుమాయమ్మగారి మావగారు, మీ పెద్దయ్యగారికి అది మింగుడు పడలేదమ్మా. తన మనవరాలు మా పిల్లల మధ్య ఉందని ఊళ్ళో ఎవురన్నా అంటే ఎట్టా? మరుసటేడు దిబ్బంతా దున్నించారు. పొలంలో కలిపేశారు. మమ్మల్ని రావద్దన్నారు. కూలికైతే రమ్మన్నారు."

"మరి ఆ పిలుపు?"

"ఆమేనమ్మా. మీ నాయనమ్మే. పొద్దు వాలాక ఇంట్లో చెప్పకుండా వచ్చి, ఆ గట్టు మీద నిలబడి పిల్లని పిలిచేది. అన్నం పెట్టటానికి పిలిచినట్టే పిలిచేది."

"మరి దెయ్యమని ఎందుకు చెప్పారు మీరంతా?"

"దెయ్యమని మేం అన్లేదు. పెద్దయ్యగారు అన్నారు. మేం కాదన్లేదు." జోజమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. "తల్లి వచ్చి పిలుస్తుంటే పక్కన కూర్చుని కలుపు ఎట్టా తీస్తాం? లేచి పోయేవాళ్ళం. ఆ యేళ ఆమెకి. పగలంతా మాది. కలుపు తీసే చేతులు ఏం చేస్తన్నాయో గట్టు మీదోళ్ళకి ఏం తెలుస్తుంది?"

శ్రీవల్లి పొలం వైపు చూసింది. చదును చేసిన మట్టి ఇప్పుడు వేరుగా కనిపించింది.

"పేర్లు పెట్టి ఎందుకు పిలవకూడదు?"

"పోయినోళ్ళ పేర్లే మళ్ళీ పుట్టినోళ్ళకి పెట్టుకున్నాం. ఆ వరసలో ఉన్న మా చెల్లి పేరు హన్నా." జోజమ్మ లేచి తువ్వాలు తలకి చుట్టుకుంది. "నిన్న నువ్వు ఇక్కడ నిలబడి హన్నా అన్నావు. ఏ హన్నా పలకాలమ్మా?"

*

ఆ సాయంత్రం శ్రీవల్లి పెదనాన్న ఇంటికి వెళ్ళి మెట్ల దగ్గర నిలబడింది. వాదన ఏమీ సిద్ధం చేసుకోలేదు. ఎండ గోడ దిగిపోయింది. హనుమాయమ్మ తలుపు పట్టుకుని వచ్చింది.

"కూలోళ్ళు వెళ్ళిపోయారా?"

బసవపున్నయ్య నోరు తెరిచేలోగా శ్రీవల్లి అంది. "వెళ్ళిపోతున్నారు నాయనమ్మా. వెళ్దామా?"

హనుమాయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి తర్వాతి మాట ఎవరూ అనలేదు. ఆమె వంగి, చెప్పుల కోసం చేత్తో తడుముకోవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు బసవపున్నయ్య.

"పొలానికి," అంది తల్లి. గొంతు స్పష్టంగా ఉంది. "మీ తాత చూడకముందే వచ్చేస్తా."

ఆయన తాత పోయి యాభై ఏళ్ళు దాటింది. బసవపున్నయ్య శ్రీవల్లి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఏమనుకున్నాడో, లోపలికి వెళ్ళి కారు తాళాలు తెచ్చాడు.

గంపలగూడెం దాటాక హనుమాయమ్మ కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. పొలం దగ్గర కారు ఆగేసరికి ఆడవాళ్ళు ఆలస్యమైన ఆటో కోసం ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. కారులోంచి ఎవరు దిగుతున్నారో చూసి పక్కకి జరిగారు. వాళ్ళలో కొందరు ఆమెని అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు.

శ్రీవల్లి చెయ్యి పట్టుకుని హనుమాయమ్మ గట్టు ఎక్కింది. మూడొంతులు చీకటి పడిన నేల మీద జెండాలు మసగ్గా కదులుతున్నాయి. ఆమె శ్రీవల్లి చెయ్యి వదిలించుకుంది. పైట సర్దుకుని, నోరు తెరిచింది.

పిలుపు రాలేదు.

మళ్ళీ తెరిచింది. గొంతులో గాలి ఆడింది. ఆమె చుట్టూ చూసింది, ఎక్కడో పెట్టిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు. శ్రీవల్లిని చూసింది, కొడుకుని చూసింది. కళ్ళలో బెదురు కనిపించింది. "ఏదీ, ఏమనేదాన్ని?" అంది. "నోటిదాకా వస్తంది. ఏమని పిలిచేదాన్ని?"

శ్రీవల్లికి తెలియదు. బసవపున్నయ్య తల్లి భుజం పట్టుకుని, "ఎవర్నమ్మా?" అన్నాడు. ఆ ఇంట్లో ఆ పేరు పలికినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

జోజమ్మ అప్పుడే వచ్చిన ఆటో ఎక్కబోతూ ఆగింది. రోడ్డు దాటి గట్టు కిందికి వచ్చి నిలబడింది. ఆ చెక్కలోకి చూస్తూ, మెల్లగా అంది.

"నాంచారి, అమ్మగారూ. నాంచారీ అని పిలిచేవాళ్ళు."

హనుమాయమ్మ ముఖం తేటపడింది. చిన్నపిల్లని కోప్పడుతున్నట్టు, బతిమాలుతున్నట్టు, ఆమె పిలిచింది. "నాంచారీ... రావే, చీకటి పడతంది." ముసలి గొంతు కాదు. శ్రీవల్లి ఆ గొంతు ఎన్నడూ వినలేదు. రోడ్డు మీద ఆటోవాడు ఇంజను ఆపేశాడు. ఆడవాళ్ళంతా తలలు వంచుకున్నారు. పిలుపు చివర కాస్త ఆగింది హనుమాయమ్మ, జవాబు కోసం. గాలి లేదు. అయినా జెండాలు కొన్ని కదిలినట్టు శ్రీవల్లికి అనిపించింది.

"నాంచారి ఎవరు?" అన్నాడు బసవపున్నయ్య, ఎవరినని కాకుండా.

జోజమ్మ ఆయన వైపు తిరిగింది. "మీ అక్కయ్యగారండీ."

*

తెల్లవారి రామనాథ్ బండి దించుతుండగానే బసవపున్నయ్య కారు వచ్చింది. రాత్రి ఆయన నిద్రపోలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. గట్టు దగ్గర చెప్పులు విడిచి, జెండాల మధ్యకి వచ్చి నిలబడ్డాడు. శ్రీవల్లిని పలకరించలేదు.

"సార్," అన్నాడు రామనాథ్‌తో, "వీటిలో మా అక్క ఏది?"

"ఏంటండీ?"

"ఏది మా అక్కదో చెప్పండి. ఆ కాస్త చోటు వదిలేసి గోడ కట్టిస్తా. మిగతాది..." చెయ్యి ఊపాడు.

రామనాథ్ చాలాసేపు నేలని చూశాడు. "ఏది ఎవరిదో యంత్రం చెప్పదండీ. అన్నీ ఒకే పొడవు, ఒకే లోతు. ఒకే మనిషి తవ్వినట్టున్నాయి."

"తవ్వి చూస్తే?"

"తవ్వితే ఏమీ ఉండదండీ. ఇన్నేళ్ళకి పసివాళ్ళ ఎముకలు మట్టిలో కలిసిపోతాయి. గొయ్యి తీసిన గుర్తు ఒక్కటే మిగులుతుంది."

బసవపున్నయ్య ఒక జెండా దగ్గర నుంచి ఇంకో జెండా దగ్గరికి నడిచాడు. ఒకదాని ముందు వంగి, చదును చేసిన మట్టిని చూశాడు. పక్కదాన్ని చూశాడు. అప్పుడే పనిలోకి వస్తున్న ఆడవాళ్ళు గట్టు మీద ఆగిపోయారు.

"జోజమ్మా," అన్నాడు. ఆ చెక్కలో నిలబడి పేరు పెట్టి పిలిచాడు. ఆడవాళ్ళు బిగుసుకుపోయారు. జోజమ్మ ఒక్క క్షణం తటపటాయించి, గట్టు దిగి ఆయన ముందుకి వచ్చింది.

"మీ నాయన నీకు చెప్పాడా, మా అక్కని ఎక్కడ పెట్టాడో?"

"లేదండీ. మా చెల్లి ఏదో కూడా మాకు తెలీదు. ఎవురిది ఏదో ఎవురికీ తెలీదు." ఆమె తువ్వాలు కొసని వేళ్ళకి చుట్టుకుంటూ అంది. "అందుకనే అన్నిట్నీ చూసుకునేవాళ్ళం."

ఆయన తల పంకించాడు. అన్నీ అన్న మాటలో ఏముందో ఆయనకి అర్థమైనట్టే ఉంది. చాలాసేపు నిలబడి ఉన్నాడు. ఎండ పైకి వచ్చింది. రామనాథ్ బండి పిడి పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

బసవపున్నయ్య జేబులో ఫోను మోగింది. వెంచర్ మేనేజరు. ఫోను చెవికి ఆనించుకోకముందే అవతలి గొంతు పెద్దగా వినపడింది. ప్లాట్లకి హద్దు లైన్లు కొట్టడానికి మనుషులు బయల్దేరారు, పొలంలో పత్తికట్టె తీసేశారా అని.

"తీశారు," అన్నాడు బసవపున్నయ్య. "రోడ్డు పక్క చెక్క మాత్రం ఇవ్వడం లేదు."

అదేంటండీ అంది అవతలి గొంతు. ఎంట్రన్సే అక్కడ అనుకున్నాం కదండీ, ఖాళీ పొలమే కదా, ఎవరన్నా ఉంటున్నారా ఏంటి అక్కడ?

బసవపున్నయ్య జెండాల వరస చివరిదాకా చూశాడు.

"ఉంటున్నారు," అన్నాడు. "మా అక్క ఉంది. పేటవాళ్ళ పిల్లలున్నారు."

తర్వాత మేనేజరు గొంతు తగ్గించి ఏదో అడిగాడు.

"లేదు," అన్నాడు బసవపున్నయ్య. "వాళ్ళు ఖాళీ చేయరు."